శిఖరరేఖ – బెంటన్ మెకాయ్

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు భాగంలో అపలాచియన్ పర్వతశ్రేణి వ్యాపించి ఉంది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఆ కొండలను ముక్కలుగా చూచుకొంటున్న కాలంలో, అవన్నీ ఒకే ప్రకృతి వ్యవస్థ అని గ్రహించి అందుకు తగిన ప్రణాళికను రచించినవాడు బెంటన్ మెకాయ్.

మెకాయ్ 1879 మార్చి 6న కనెక్టికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి స్టీల్ మెకాయ్ పేరుపొందిన నటుడు, నాటకకర్త. నాటకరంగం ఆ కుటుంబానికి కీర్తినిచ్చింది గాని నిలకడైన సంపదను ఇవ్వలేదు. బాల్యంలో మసాచుసెట్స్‌లోని షర్లీ సెంటర్ అనే గ్రామంలో ఉన్నప్పుడు, చుట్టుపక్కల గుట్టలను, వాగులను కాలినడకన చూచి పటాలు గీసుకొనేవాడు. ఆ అలవాటే తరువాతి జీవితానికి దారి చూపింది.

1905లో హార్వర్డ్‌లో అటవీశాస్త్ర పట్టా పొంది ప్రభుత్వ అటవీశాఖలో పనిచేశాడు. 1911 నాటి చట్టం నదుల జన్మస్థానాలలోని అడవులను కొనుగోలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే ఆ అడవికీ నదీప్రవాహానికీ సంబంధం ఉన్నదని ముందుగా నిరూపించాలి. అందుకోసం వైట్ మౌంటెన్స్ కొండలలో జరిగిన పరిశోధనలో మెకాయ్ పాల్గొన్నాడు.

1921 ఏప్రిల్‌లో, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన అతని భార్య జెస్సీ విషాదకర పరిస్థితులలో మరణించింది. ఆ దుఃఖంలో మిత్రుల ఆశ్రయం పొందిన మెకాయ్ తన ఆలోచనను కాగితంపై పెట్టాడు. శిఖరాల వెంట ఒక కాలిబాట, దానిని ఆనుకొని అడవులు, విడుదులు, పంటపొలాలు ఉండాలన్న ఆ వ్యాసం అదే ఏడాది అక్టోబరులో ఒక వాస్తుశిల్పుల పత్రికలో వెలువడింది.

1928లో ప్రచురించిన గ్రంథంలో అతడు మహానగర విస్తరణను వరదతో పోల్చాడు. రహదారుల వెంట ఇండ్లు, దుకాణాలు పొంగి లోయలను ముంచుతాయి. కొండల వరుసను అడవులతో ఎడతెగకుండా నిలిపితే అది కరకట్టవలె ఆ ఉద్ధృతిని ఆపుతుంది. కట్టకు ఒక్కచోట గండిపడినా చాలు కదా!

1930 దశకంలో గండి పడనే పడింది. వర్జీనియాలోని షెనాండోవా శిఖరాల మీదుగా ప్రభుత్వం మోటారు రహదారి వేసింది. కాలిబాట సంఘాన్ని నడుపుతున్న మైరన్ ఏవరీ, బాట పూర్తికావడమే ముఖ్యమని రాజీపడ్డాడు. మెకాయ్ ససేమిరా అన్నాడు. ఇరువురి స్నేహం తెగిపోయింది. ఏవరీ పట్టుదల వల్లనే 1937లో బాట పూర్తయిందన్నదీ సత్యమే. మెకాయ్ మాత్రం 1935లో మిత్రులతో కలిసి వన్యప్రదేశాల రక్షణకు ఒక సంఘాన్ని స్థాపించాడు.

చాలాకాలం ఆ బాటలో గణనీయమైన భాగం ప్రైవేటు భూములలోనే ఉండేది. 1968లో జాతీయ చట్టం వచ్చేనాటికి మెకాయ్ వయస్సు 89 ఏండ్లు. 1975 డిసెంబరు 11న షర్లీ సెంటర్‌లోనే కన్నుమూశాడు. బాట వెంట భూములు విస్తృతంగా కొనే అవకాశం 1978 సవరణతో గాని రాలేదు.

నేడు ఆ బాట 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగుతోంది. మెకాయ్ ప్రధానంగా మనుషుల కోసమే దానిని తలపెట్టాడు. అయినా ఎలుగుబంట్లకూ, వలసపక్షులకూ, భూతాపం పెరిగేకొద్దీ చల్లని చోటు వెదుక్కొనే జీవులకూ ఆ అడవులు ఆధారమయ్యాయి. అయితే ఆ పట్టీ అనేకచోట్ల సన్నగా ఉన్నది. దానిని ఇరువైపుల అడవులతో కలిపే పని ఇంకా సాగుతూనే ఉన్నది.