చార్లెస్ కెట్టరింగ్ చరిత్రము

మన నస్పూరు, శ్రీరాంపూరు ప్రాంతములలో వాహనము లేని యిల్లు నేడు అరుదు. గనిలో మొదటి షిఫ్టునకు పోవువాడును, ఆటో నడుపువాడును, లారీ తోలువాడును, తాళపుచెవి త్రిప్పినను బండి కదలనిచో, సెల్ఫ్ అందుకొనుట లేదని చెప్పుకొందురు. ఈ సెల్ఫ్ అను మాట అక్షరము రానివారి నోటను నిలిచిపోయినది. దానిని లోకమునకు అందించిన పురుషుని పేరు మాత్రము మన విద్యార్థులలో పలువురు ఎరుగరు. కావున ఆయన జీవితమును సంగ్రహముగా వ్రాయ నుద్దేశించితిమి. ఆయన బ్రతుకున వెలుగును కలదు, నీడయు కలదు. రెండింటినుండియు మనము నేర్వదగినది కలదు.

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ 1876వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రములో, లౌడన్‌విల్ అను చిన్న ఊరి సమీపమున రైతుకుటుంబమున జన్మించెను. బాల్యమునుండియు ఆయన కన్నులు బలహీనములు. కొంతసేపు చదివినంతనే తలనొప్పి బాధించుచుండెను. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఆయన పల్లెబడిలో ఉపాధ్యాయుడయ్యెను. సాయంకాలములందు పిల్లలను చేర్చి విద్యుత్తు, అయస్కాంతము, ఉష్ణము మున్నగు విషయములను ప్రయోగములతో చూపుచుండెను. ఇది మావంటి ఉపాధ్యాయులకు మిక్కిలి సంతోషము గొలుపు సంగతి.

పిదప ఆయన ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను గాని, కంటిజబ్బు ముదిరి చదువు మానవలసివచ్చెను. ఇంటికి పోయి చింతించుచు కూర్చుండక, టెలిఫోను కంపెనీలో స్తంభములు నాటి తీగలు లాగు జట్టున చేరి, అచిరకాలములో దానికి మేస్త్రి అయ్యెను. మైళ్లకొలది సాగు తీగలో ఎచ్చట తెగినది, ఎచ్చట తడిసినది అని ఒక్కొక్క భాగమే పరీక్షించుచు పోవుట ఆ వృత్తికి ప్రాణము. కన్నులు కొంత నెమ్మదించిన తరువాత ఆయన తిరిగి విశ్వవిద్యాలయమునకు వచ్చెను. తోడి విద్యార్థులు పాఠములను చదివి వినిపింపగా నేర్చుకొని, 1904లో, తోటివారికంటె పెద్ద వయస్సున, ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టమును పొందెను.

తరువాత డేటన్ నగరమందలి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగము దొరకెను. అంగళ్లలో డబ్బు లెక్కించు యంత్రమును చేతితో త్రిప్పుటకు మారుగా విద్యుత్తుచే నడపుట ఆయనకు అప్పగించిన పని. ఆ యంత్రము రోజంతయు తిరుగవలసినది కాదు. కొన్ని క్షణములు మాత్రము బలముగా తిరిగిన చాలును. అట్టి స్వల్పకాలమునకైన చిన్న మోటారునుండి పెద్ద బలమును రాబట్టవచ్చునని ఆయన గ్రహించెను. ఈ చిన్న గ్రహింపే పిమ్మట మోటారు బండ్ల చరిత్రను మార్చెను.

1909లో ఆయన ఎడ్వర్డ్ డీడ్స్ అను మిత్రునితో కలసి, ఆ మిత్రుని యింటి వెనుక కొట్టములో కొందరు పనివారిని కూర్చి, డెల్కో అను సంస్థను స్థాపించెను. అచ్చట పుట్టిన మొదటి ఫలము బ్యాటరీ ఇగ్నిషన్. బ్యాటరీలోని కొద్ది వోల్టుల ప్రవాహము స్విచ్చి గుండా కాయిలునకు పోవును. సరియైన క్షణమున ఆ ప్రవాహము తటాలున తెగినపుడు, కాయిలు రెండవ చుట్టలో వేలకొలది వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ వెలువడును. కాడిలాక్ కంపెనీవారు తమ 1910 మాదిరి కార్లకై ఇట్టివి 8,000 కావలెనని కోరిరి.

ఆ దినములలో ఇంజనును నడిపించుటకు ముందువైపున ఇనుప హ్యాండిలు పెట్టి చేతితో త్రిప్పుచుండిరి. ఇంజను వెనుకకు తన్నినచో త్రిప్పువాని చేయి విరుగుచుండెను. కాడిలాక్ అధిపతి హెన్రీ లీలండ్ ఈ కష్టమును తొలగింప కోరగా, కెట్టరింగ్ తన క్యాష్ రిజిస్టరు అనుభవమును జ్ఞప్తికి తెచ్చుకొని, ఇంజనును త్రిప్పుటకును, అది తిరుగునపుడు బ్యాటరీని నింపుటకును ఒక్క యంత్రమునే ఏర్పరచెను. 1912 మాదిరి కాడిలాక్ కార్లతో సెల్ఫ్ స్టార్టరు జనులకు లభించెను. స్త్రీలును, వృద్ధులును పరుల సహాయము లేక బండి నడుపగలిగిరి. తాళపుచెవితోనే ఇంజనును త్రిప్పు పద్ధతి మాత్రము తరువాతి కాలమున వచ్చినది.

ఈ మార్గము నెరిగినవాడు బండి కదలనపుడు తొందరపడి స్విచ్చిని మార్పడు. ముందుగా హ్యాండుబ్రేకు వేసి, గేరును న్యూట్రలులో నుంచి, దీపములు వెలిగించి తాళము త్రిప్పవలెను. దీపములు మిక్కిలి మసకబారినచో బ్యాటరీ బలహీనతనో, దాని కొనల తుప్పునో తలంపవలెను. దీపములు కాంతివంతముగ నుండి, టక్కుమను చప్పుడైనను రానిచో, సెల్ఫ్ రిలేకు పోవు చిన్న ప్రవాహము ఎచ్చటనో ఆగినదని ఊహింపవచ్చును. అప్పుడు టెస్టు లాంపుతో స్విచ్చిలోనికి వచ్చు తీగను, బయటికి పోవు తీగను వేరువేరుగ పరీక్షింపవలెను. లోనికి విద్యుత్తు వచ్చుచు, తాళము త్రిప్పినను బయటికి రానిచో, దోషము స్విచ్చిదే. బయటికి చక్కగా వచ్చుచున్నచో స్విచ్చి నిర్దోషి. రిలేను, దాని తీగలను చూడవలెను. తాళము పట్టియున్నంతసేపు ఇంజను నడచి, వదలినంతనే ఆగిపోయినచో, స్టార్టు స్థానమును గాక రన్ను స్థానపు కాంటాక్టును, ఆ మార్గమందలి తీగలను అనుమానింపవలెను. ఈ క్రమము టెలిఫోను తీగ వెంబడి నడచిన పనివాని క్రమమే. మన తెలుగు కుటుంబమున కోయంబత్తూరు ప్రాంతమందు జన్మించిన జి.డి. నాయుడుగారును (1893-1974) ఒక మోటారుసైకిలును విప్పి, మరల కూర్చి యంత్రవిద్య నేర్చినవారే.

కెట్టరింగ్ 1920 మొదలు 1947 వరకు జనరల్ మోటార్స్ కంపెనీ పరిశోధనశాలకు అధిపతిగ నుండెను. 1923లో ఆయన రాగి రెక్కలతో గాలిచే చల్లబడు ఇంజనును తయారు చేయింపగా, అది రోడ్డుపై విఫలమై, అమ్మిన కార్లను వెనుకకు తీసికొనవలసివచ్చెను. ఆయన క్రుంగిపోక డీజిల్ ఇంజను పనికి పూనుకొనెను. దాని ఫలముగ డీజిల్ రైలింజనులు ఆవిరి యింజనుల స్థానము నాక్రమించెను. బొగ్గు నమ్ముకొని బ్రతుకు మనవంటి ప్రాంతములవారికి ఈ సంగతి ఆలోచనీయము.

ఆయన చరిత్రమందలి నీడను దాచుట న్యాయము కాదు. 1921లో ఆయన పరిశోధనశాలలో థామస్ మిడ్జ్లీ పెట్రోలులో సీసమును కలుపు ఉపాయమును కనుగొనెను. ఇంజను చప్పుడు తగ్గెను గాని, సీసము విషము. 1924లో న్యూజెర్సీలో దానిని తయారు చేయు కార్మికులు అయిదుగురు మరణించిరి. అయినను కెట్టరింగ్ దానిని సమర్థించెను. ఆ సీసము లోకమంతట పిల్లల రక్తమున చేరెను. మన దేశము 2000లో దానిని విడిచెను. 2021లో అల్జీరియాలో అమ్మకము నిలచిన పిదప గాని రోడ్లపై దాని కథ ముగియలేదు.

ఆయన నడిపిన పరిశోధనశాల గల కంపెనీకే, ఆయన పోయిన చాలకాలమునకు ఇగ్నిషన్ స్విచ్చి వలన గొప్ప అపకీర్తి కలిగెను. స్విచ్చిలోని స్ప్రింగు బలము చాలక, తాళపుచెవుల గుత్తి బరువునకో, మోకాలి తాకిడికో, తాళము రన్ను స్థానమునుండి జారుచుండెను. ఇంజను ఆగి, ప్రమాద సమయమున గాలిసంచులు తెరచుకొనకుండెను. దీనిని ప్రాణాపాయముగ గాక అసౌకర్యముగ నెంచి ఏండ్లు గడపిరి. 2006లో ఆ భాగమును సవరించియు దాని సంఖ్యను మార్చకుండుటచే పరిశీలకులు దారి తప్పిరి. తుదకు ఒక మృతురాలి కుటుంబము పక్షమున పనిచేసిన ఇంజనీరు పాత స్విచ్చిని, క్రొత్త స్విచ్చిని పోల్చి చూచి భేదమును బయటపెట్టెను. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనుకకు పిలిచిరి; పరిహారనిధివారు 124 మరణములను అంగీకరించిరి.

కెట్టరింగ్ తన ధనములో పెద్ద భాగమును విద్యకును, వైద్యమునకును వినియోగించెను. 1945లో న్యూయార్కున స్థాపితమైన స్లోన్-కెట్టరింగ్ క్యాన్సర్ పరిశోధనాలయమున ఆయన పేరు నేటికిని నిలచియున్నది. మరుసటి సంవత్సరమే ఆయన భార్య ఆలివ్ క్యాన్సరుచే మరణించెను. 1958 నవంబరు 25వ తేదీన ఆయన డేటన్‌లో కన్నుమూసెను.

విద్యార్థులారా, దేవుడు మీలో కొందరికి చేతిపనియందు నేర్పు అనుగ్రహించియున్నాడు. అది తక్కువ వరము కాదు. మీలో పలువురు రేపు గనులలోను, వర్కుషాపులలోను, గ్యారేజీలలోను పని చేయుదురు. దోషమును కనుగొనుట సగము పని. కనుగొన్న దానిని, మన చేతిపని వలననే కలిగినదైనను, దాచక చెప్పుట తక్కిన సగము. మీరు బాగుచేసిన బండిలో ఒక కుటుంబము కూర్చుండునని మరువకుడు.