మొక్కల మాంత్రికుడు

గులాబి కొమ్మను జానెడు పొడవున కోసి తడి మట్టిలో నాటితే కొన్ని వారాలకు చిగురు వేస్తుంది. దాని పూలు తల్లిమొక్క పూల లాగే ఉంటాయి. మామిడి టెంకను పాతితే మాత్రం, పెరిగిన చెట్టు కాయలు తల్లిచెట్టు కాయలంత తియ్యగా ఉంటాయని చెప్పలేము. విత్తనం నుంచి కొత్త గుణాలు రావచ్చు. కొమ్మ ఉన్న గుణాలను నిలుపుతుంది. ఈ రెండింటినీ నేర్పుగా వాడుకొని ఎనిమిది వందలకు పైగా కొత్త రకాల మొక్కలను లోకానికి అందించినవాడు లూథర్ బర్బాంక్.

బర్బాంక్ 1849 మార్చి 7న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లాంకాస్టర్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి వ్యవసాయం చేస్తూ ఇటుకలు తయారుచేసేవాడు. బర్బాంక్ కళాశాలలో చదవలేదు. పెంపుడు జంతువులలో, సాగు మొక్కలలో కలిగే మార్పులను గురించి డార్విన్ రాసిన గ్రంథం ఆయన మనస్సును ఆకట్టుకొన్నది. తండ్రి చనిపోయాక తన వాటాకు వచ్చిన సొమ్ముతో 17 ఎకరాల భూమి కొని కూరగాయలు పండించసాగాడు.

బంగాళాదుంపను రైతులు సాధారణంగా విత్తనం వేసి పెంచరు. కళ్ళు ఉండేటట్లు దుంపను ముక్కలుగా కోసి నాటుతారు. అందువల్ల ఏటా అదే రకం పండుతుంది. 1872 ప్రాంతంలో బర్బాంక్ తన పొలంలో ఒక బంగాళాదుంప మొక్కకు చిన్న కాయ ఉండటం గమనించాడు. ఆ రకానికి కాయ కాయడం చాలా అరుదు. కాయ పండేదాకా కాపలా కాశాడు. తీరా చూస్తే ఒకరోజు అది కనిపించలేదు! ఆయన పట్టు విడువక పొలమంతా వెదికి, నేలపై పడి ఉన్న కాయను కనుగొన్నాడు. అందులో 23 గింజలు ఉన్నాయి. వాటిని నాటితే ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క తీరు దుంపలు వచ్చాయి. వాటిలో అన్నిటికంటె పెద్దవిగా, ఎక్కువగా కాసిన దుంపలను ఎన్నుకొన్నాడు. వాటినే ముక్కలుగా కోసి నాటి, ఆ రకాన్ని వృద్ధిచేశాడు.

1875లో ఆ రకంపై హక్కును 150 డాలర్లకు ఒక విత్తన వ్యాపారికి అమ్మివేశాడు. పది దుంపలు మాత్రం తన వద్ద ఉంచుకొని కాలిఫోర్నియాలోని శాంటారోజా పట్టణానికి చేరాడు. అక్కడ మొదట్లో వడ్రంగి పని చేస్తూ ఎన్నో ఇబ్బందులు పడ్డాడు. కొంత కాలానికి సొంతంగా ఒక చిన్న నర్సరీ పెట్టాడు.

1881లో ఒక ధనికుడు వచ్చి, ఆ ఏడాదిలోనే 20,000 ప్లమ్ మొక్కలు కావాలన్నాడు. మామూలుగా ఐతే అందుకు రెండు మూడేళ్లు పడుతుంది. బర్బాంక్ వెనుకాడలేదు. ప్లమ్‌కు దగ్గరి జాతి, త్వరగా మొలిచే చెట్టు బాదం. ఆయన బాదం గింజలను తడి ఇసుకలో మొలకెత్తించి నారు పెంచాడు. వేసవిలో ప్రతి మొక్క బెరడుపైన కత్తితో గాటు పెట్టి, అందులో ప్లమ్ కన్నును అమర్చి కట్టించాడు. కన్ను అంటుకొన్నాక బాదం తలను సగం విరిచి వంచాడు. పూర్తిగా కోయలేదు. ఆకులు ఇంకా పచ్చగా ఉండి వేరుకు ఆహారం అందిస్తాయి. బలం మాత్రం కొత్త చిగురుకు చేరుతుంది. ఏడాది చివరికి సుమారు 19,500 మొక్కలు సిద్ధమయ్యాయి!

విత్తనం నుంచి పెరిగిన పండ్ల మొక్క కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. బర్బాంక్ అంతకాలం ఆగలేదు. వందల మొలకల కొమ్మలను తెచ్చి ఒకే పెద్ద చెట్టుకు అంటు కట్టేవాడు. ఏ కొమ్మకు ఎటువంటి పండు కాసినదీ త్వరగా తెలిసేది. మంచిదాన్ని ఉంచి, తక్కిన వేలాది మొక్కలను నిర్దాక్షిణ్యంగా తీసివేసేవాడు. 1906లో వచ్చిన శాంటారోజా ప్లమ్ ఆ కృషి ఫలమే.

ప్రజలు ఆయనను మొక్కల మాంత్రికుడన్నారు. ఆయన చేసినది మంత్రం కాదు, ఓపికతో కూడిన పని. కాని ఆ పనిలో ఒక లోపం ఉంది. ఏ మొక్కను దేనితో సంకరం చేసినదీ ఆయన సరిగా రాసిపెట్టలేదు. 1905 నుంచి కొన్నేళ్లు కార్నెగీ సంస్థ ధనసహాయం చేసి, ఆయన పద్ధతులను పరిశీలించడానికి ఒక శాస్త్రజ్ఞుని పంపింది. లెక్కలు లేనందున పెద్దగా ఫలితం దక్కలేదు. పశువుల మేతకని ఆయన పెంచిన ముళ్లులేని నాగజెముడు కూడా అనుకొన్నంతగా రాణించలేదు.

పరమహంస యోగానంద బర్బాంక్‌కు మిత్రుడు. 1946లో వెలువడిన తన ఆత్మకథను ఆయనకే అంకితమిచ్చాడు. బర్బాంక్ 1926 ఏప్రిల్ 11న కన్నుమూశాడు. శాంటారోజాలోని తన తోటలోనే ఆయనను సమాధి చేశారు. కొత్త మొక్కను సృష్టించినవారికి దానిపై హక్కు కల్పించే చట్టం అమెరికాలో 1930లో గాని రాలేదు.

బర్బాంక్ బంగాళాదుంపలో తరువాత సహజంగా కలిగిన మార్పు వల్ల గరుకు తొక్క గల రకం ఒకటి ఏర్పడింది. అమెరికా రైతులు ఈనాటికీ దాన్ని విస్తారంగా పండిస్తున్నారు. దాన్ని కూడా కళ్ళున్న ముక్కలుగా కోసే నాటుతారు. ఆనాడు నేలపై వెదికి తెచ్చిన కాయలోని ఒక గింజ అలా ముక్క వెంట ముక్కగా నేటికీ బ్రతికే ఉంది.