అంకితము వెంకట నరసింగరావుగారు

విశాఖపట్టణమునందలి ఏ.వి.ఎన్. కళాశాల పేరు తెలుగుదేశమున పెక్కుమంది వినియున్నారు. ఆ పొడి అక్షరములలో నిమిడియున్న మహాశయుని చరిత్ర మెరిగినవారు మాత్రము కొలదిమందియే. నరసింగరావుగారు నక్షత్రశాలయందు జీతము గొని పనిచేసిన శాస్త్రవేత్త కారు. సొంత ధనము వెచ్చించి, సొంత కన్నులతో నాకాశమును చూచి, చూచిన దానిని గడియారముతో సరిచూచి వ్రాసిపెట్టిన జిజ్ఞాసువు.

వారు 1827వ సంవత్సరమున జన్మించిరి. డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించిరి. వారి మామగారు గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపురి నక్షత్రశాలలో టేలరుదొర యొద్ద జ్యోతిశ్శాస్త్ర మభ్యసించి, 1840 ప్రాంతమున విశాఖలోని డాబాతోటలయందు సొంత నక్షత్రశాలను నెలకొల్పిరి. డాల్ఫిన్స్ నోస్ కొండపై పతాకముచే పట్టణమునకును ఓడలకును సరియైన వేళ తెలియజేయు నేర్పాటు గావించిరి. 1856లో జగ్గారావుగారు గతించిరి. ఒక్కని యభిరుచితో వెలసిన సంస్థ ఆ యొక్కనితోనే యంతరించుట లోకమున సాధారణము. నరసింగరావుగారట్లు కానీయలేదు. ప్రభుత్వోద్యోగమును విడిచి, ఆ భారమును తమపై వేసికొనిరి.

1868వ సంవత్సరపు సూర్యగ్రహణమును, 1872 జూన్ 6వ తేదీ సూర్యగ్రహణమును వారు పరిశీలించిరి. 1871లో లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యునిగా గైకొనెను.

అయినను వారి జీవితమున ముఖ్యమైన దినము 1874 డిసెంబరు 9. నాడు శుక్రగ్రహము భూమికిని సూర్యునకును నడుమ సాగి, సూర్యబింబముపై నల్లని చుక్కవలె కానవచ్చెను. ఇట్టి సంక్రమణములు ఎనిమిదేండ్ల యెడముతో జంటగా వచ్చి, పిమ్మట నూరేండ్లకు పైగా కనబడవు. అంతకు ముందటిది 1769లో జరిగెను. భూమిపై దూరదూరస్థలములనుండి చూచువారికి ఆ చుక్క నడచు దారి కొంచెము వేరుగా తోచును. అది బింబపుటంచును తాకిన క్షణములను పోల్చినచో సూర్యుని దూరమును గణింపవచ్చును. కాని చుక్క యంచును వీడునపుడు సిరాబొట్టువలె సాగి, ఆ క్షణమును కొన్ని సెకనులపాటు సందిగ్ధము చేయును. అందుచే పలుదేశములవారు ఛాయాగ్రహణమును నమ్ముకొనిరి. రూర్కీలో టెనెంటు, జపానునందలి నాగసాకిలో జాన్సెను ఫలకములపై బింబమును పట్టిరి. ఆ చిత్రములందును అంచు స్ఫుటముగా లేక, ఆశించినంత ఫలము చేకూరలేదు. కన్నును గడియారమును నమ్మి శ్రద్ధతో కూర్చుండిన పరిశీలకుని లెక్కకు విలువ తగ్గలేదు.

విశాఖలో సూర్యోదయమైన గంటకు మొదలై, ఇంచుమించు మధ్యాహ్నమువరకు, నాలుగున్నర గంటలపాటు ఆ దృశ్యము సాగెను. నరసింగరావుగారు దూరదర్శినితో పరిశీలించి, వివరములను లండనుకు పంపిరి. ఆ సంఘమువారి మాసపత్రికలో నవి ప్రచురితములయ్యెను. రాజ్యములు పంపిన దండుల లెక్కల సరసన, విశాఖ గృహస్థుని లెక్కయు నిలిచెను.

వారికి రెండవ యవకాశము లభింపలేదు. 1882 నాటి సంక్రమణము మన దేశమున రాత్రివేళ జరిగెను. 1892లో వారు పరమపదించిరి. వారి ధర్మపత్ని విద్యాదానము చేయగా, కళాశాలకు శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాల యను పేరు కలిగెను. పిమ్మట శుక్రసంక్రమణములు 2004, 2012 సంవత్సరములలో గాని రాలేదు. ఇకమీదటిది 2117లో రానున్నది. నేడు జీవించియున్నవారిలో దానిని చూడగలుగువారు మిక్కిలి యరుదు.

కంటితో చూచినది చూచినవానితో పోవును. వ్రాసి యుంచినది తరువాతివారి సొత్తగును. మామగారి సంస్థను నిలిపి, తాము చూచిన దానిని కాగితముపై నుంచిన నరసింగరావుగారి జీవితము, గ్రంథములను భద్రపరచు ప్రతి గ్రామ గ్రంథాలయమునకును స్మరణీయము.