ఫిలిప్ హెన్రీ గోస్

ఫిలిప్ హెన్రీ గోస్ (ఏప్రిల్ 6, 1810 - ఆగష్టు 23, 1888) ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, రచయిత, చిత్రకారుడు. సముద్రజీవులను గాజుతొట్టిలో, ఉప్పునీటిలో బ్రతికించి పెంచే పద్ధతిని సామాన్య ప్రజలకు పరిచయం చేసినవారిలో ఈయన అగ్రగణ్యుడు. ఆక్వేరియం అనే పదాన్ని నేటి అర్థంలో వ్యాప్తిలోనికి తెచ్చినది ఈయనే. కొత్తగా అమర్చిన ఉప్పునీటి తొట్టిలో జీవులు ఎందుకు జబ్బుపడి చనిపోతాయన్న ప్రశ్నకు పూర్తి సమాధానం ఈయన జీవితకాలంలో లభించలేదు. అయినప్పటికీ నీటిని ముందుగా సిద్ధపరచి, కొంతకాలం ఓపికపట్టి, ఆ తరువాతనే జీవులను వదలాలన్న నియమాన్ని ఈయన అనుభవం ద్వారా గ్రహించి ఆచరించాడు.

బాల్యము

గోస్ ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ గోస్ ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసి జీవించే చిత్రకారుడు. కుటుంబం సముద్రతీరాన ఉన్న పూల్ అనే రేవు పట్టణంలో స్థిరపడింది. అక్కడ మేనత్త సుసాన్ బెల్ ఈ బాలునికి సీ అనిమోన్లను, అంటే పువ్వులవలె కనిపించే సముద్రజీవులను, చూపించి వాటిని గమనించడం నేర్పింది. ఈమె కుమారుడు థామస్ బెల్ తరువాతి కాలంలో పేరుపొందిన జంతుశాస్త్రవేత్త అయ్యాడు. కుటుంబం పేదది కావడం వల్ల గోస్ చిన్న వయసులోనే చదువు మాని ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. విశ్వవిద్యాలయ విద్య ఆయనకు లభించలేదు.

విదేశాలలో

1827లో గోస్ గుమాస్తాగా న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని కార్బొనియర్‌కు వెళ్ళాడు. 1832లో అక్కడ సూక్ష్మదర్శిని గురించిన ఒక పాత పుస్తకాన్ని కొన్నాడు. ఆ పుస్తకమే ఆయనను కీటకాల సేకరణకు, పరిశీలనకు పురికొల్పింది. 1835లో కెనడాకు వెళ్ళి వ్యవసాయం చేసి నష్టపోయాడు. 1838లో అమెరికాలోని అలబామాలో కొన్ని నెలలు బడిపంతులుగా పనిచేశాడు. అక్కడి బానిసత్వాన్ని చూచి కలత చెంది, 1839లో స్వదేశానికి తిరిగివచ్చాడు. కెనడా అనుభవాలపై ఆయన వ్రాసిన మొదటి పుస్తకం 1840లో వెలువడింది.

1844లో జమైకాకు వెళ్ళి, అక్కడ సుమారు 18 నెలలు పక్షులను, జంతువులను పరిశీలించాడు. ఈ కృషి ఫలితంగా 1847లో జమైకా పక్షులపై గ్రంథం ప్రచురించాడు. ఆ రచనలో రిచర్డ్ హిల్ అనే జమైకా పండితుడు తోడ్పడ్డాడు. 1848లో ఎమిలీ బౌస్ అనే రచయిత్రిని వివాహం చేసుకున్నాడు. 1849లో వీరికి ఎడ్మండ్ అనే కుమారుడు జన్మించాడు.

ఉప్పునీటి తొట్టి సమస్య

సముద్రజీవిని ఒడ్డునుండి తెచ్చి పాత్రలో వేస్తే అది కొద్ది రోజులలోనే చనిపోవడం, నీరు కుళ్ళి దుర్వాసన కొట్టడం ఆనాడు అందరికీ ఎదురైన అనుభవం. నీటిని తరచుగా మార్చడమొక్కటే తెలిసిన ఉపాయం. సముద్రానికి దూరంగా ఉండే నగరవాసులకు ఇది సాధ్యమయ్యే పని కాదు.

ఈ సమస్యపై గోస్ కంటే ముందే కొందరు కృషి చేశారు. ఫ్రాన్సుకు చెందిన జాన్ విల్‌ప్రూ పవర్ అనే మహిళ 1830వ దశకంలో సిసిలీ దీవిలోని మెస్సీనాలో గాజుతొట్టెలలో సముద్రజీవులను ఉంచి పరిశోధించింది. లండన్‌లో అన్నా థిన్ అనే మహిళ 1840వ దశకంలో, ఉప్పునీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రలోకి ధారగా పోయిస్తూ గాలి కలిపే పద్ధతితో, పగడపు జీవులను చాలాకాలం బ్రతికించింది. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ మంచినీటి తొట్టిలో చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిపి ఉంచితే నీరు చాలాకాలం శుభ్రంగా ఉంటుందని 1850లో ప్రకటించాడు. చేప విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క విడిచే ప్రాణవాయువును చేప పీలుస్తుంది, కుళ్ళిన ఆకులను నత్త తింటుంది. ఈ సమతౌల్యమే ఆయన సూత్రం.

గోస్ ప్రయోగాలు

1852లో అనారోగ్యం కారణంగా గోస్ కుటుంబంతో డెవన్ సముద్రతీరానికి వెళ్ళాడు. ఆటుపోట్ల మధ్య రాతి గుంటలలో మిగిలిపోయే జీవులను అక్కడ పరిశీలించాడు. నాచు పట్టిన రాతిముక్కలను ఉలితో కొట్టి తెచ్చి, వాటితోపాటు జీవులను గాజుపాత్రలలో ఉంచి చూచాడు. నాచు రాతిని అంటిపెట్టుకొని ఉన్నప్పుడు మాత్రమే చక్కగా బ్రతుకుతున్నదని గ్రహించాడు. 1853 మే నెలలో లండన్ జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహం ప్రారంభమైంది. ప్రజల సందర్శనార్థం ఏర్పడిన మొదటి ఆక్వేరియంగా దీనిని పరిగణిస్తారు. దీనికి కావలసిన జీవులలో అనేకం గోస్ వేమత్ తీరంనుండి సేకరించి పంపాడు.

1854లో ఆయన వ్రాసిన ద ఆక్వేరియం అనే గ్రంథం రంగుచిత్రాలతో వెలువడి విశేషాదరణ పొందింది. తొట్టి సంరక్షణకు ఆయన పాటించిన పద్ధతులు ఇవి:

- తొట్టిలో జీవులను కిక్కిరిసిపోయేలా నింపరాదు.
- చనిపోయిన జీవిని వెంటనే తీసివేయాలి. ఒక్క కళేబరం తొట్టి మొత్తాన్ని పాడుచేయగలదు.
- ఎండ నేరుగా పడకుండా నీడ కల్పించాలి.
- నీటిని ముంచి పైనుండి ధారగా పోస్తూ గాలి కలపాలి.
- గాజుపై పేరుకొనే నాచును తినడానికి సముద్రపు నత్తలను వదలాలి.

కృత్రిమ సముద్రజలము

గోస్ కృషిలో మిక్కిలి ముఖ్యమైనది కృత్రిమ సముద్రజలం తయారీ. సముద్రజలపు రసాయన విశ్లేషణను ఆధారం చేసుకొని 1854లో ఆయన ఒక మిశ్రమాన్ని ప్రకటించాడు. నేటి కొలతలలో చెప్పాలంటే సుమారు నాలుగున్నర లీటర్ల నీటికి 99 గ్రాముల మామూలు ఉప్పు, 7 గ్రాముల ఎప్సమ్ లవణం, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలపాలి. వంట ఉప్పు ఒక్కటే కలిపిన నీరు సముద్రజలం కాజాలదని దీనివలన తెలుస్తుంది.

ఈ నీటిని సిద్ధం చేసిన వెంటనే గోస్ అందులో జీవులను వదలలేదు. మొదట వడకట్టి, నాచు పట్టిన రాళ్ళను మాత్రమే ఉంచి, సుమారు వారం రోజులు ఆగిన తరువాతనే జీవులను చేర్చాడు. నాచు నీటిని శుద్ధిచేస్తుందన్నది ఆయన నమ్మకం. అది కొంతవరకే నిజం. ఆ రాళ్ళతోపాటు కంటికి కనిపించని బాక్టీరియా కూడా తొట్టిలోకి వచ్చి చేరేదని ఆయనకు తెలియదు.

తరువాతి శాస్త్ర విజ్ఞానము

గోస్ మరణించిన రెండేళ్ళకు, 1890లో, రష్యాకు చెందిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నైట్రీకరణ జరిపే బాక్టీరియాను వేరుచేయగలిగాడు. కొత్త తొట్టిలో చేపల జబ్బుకు అసలు కారణం దీనివలన బోధపడింది. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియా ఏర్పడుతుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గాను, మరొక రకం దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపలను వదిలితే అవి అమ్మోనియా విషానికి గురవుతాయి. సముద్రజలానికి క్షారగుణం ఉండడం వల్ల అందులో అమ్మోనియా మరింత ప్రమాదకరం.

ఇట్టి చేప మేత ముట్టదు, మొప్పలను వేగంగా ఆడిస్తుంది, నీటి పైభాగానికి వచ్చి రొప్పుతుంది. అప్పుడు మందు వేయడానికి ముందు నీటిని పరీక్షించాలి. మేత తగ్గించి, అదే ఉప్పుదనం, అదే వేడిమి గల నీటితో కొంతభాగాన్ని మార్చి, గాలి ఎక్కువగా అందించాలి. కొత్త చేపలను చేర్చరాదు.

నీటి దోషం వలన బలహీనపడిన చేపకు పరాన్నజీవులు కూడా సోకవచ్చు. క్రిప్టోకారియాన్ అనే ఏకకణజీవి వలన ఉప్పునీటి చేపల శరీరంపై ఉప్పురవ్వల వంటి తెల్లమచ్చలు వస్తాయి. కొన్ని రోజులకు మచ్చలు కనిపించకుండా పోయినా వ్యాధి నయమైనట్లు కాదు. ఆ జీవి చేపను విడిచి తొట్టి అడుగున చేరి, అక్కడ సంఖ్య పెంచుకొని మరల దాడి చేస్తుంది. అందువల్ల జబ్బుపడిన చేపలను వేరొక తొట్టికి మార్చి చికిత్స చేస్తారు. దీనికి వాడే రాగి మందులు సీ అనిమోన్లను, పగడపు జీవులను, నత్తలను చంపివేస్తాయి కనుక వాటిని ప్రధాన తొట్టిలో వేయరాదు. కొత్తగా కొన్న చేపను కొన్ని వారాలు విడిగా ఉంచి గమనించడం ఉత్తమమైన నివారణ.

తీరానికి కలిగిన నష్టము

గోస్ పుస్తకాలు చదివిన వేలాదిమంది 1850వ దశకంలో ఇంటింటా ఆక్వేరియంలు అమర్చుకున్నారు. లండన్‌లో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే వ్యాపారి సముద్రజీవులను, తొట్టెలను అమ్మే అంగడి నడిపాడు. కాని చాలామందికి గోస్ పాటించిన ఓపిక లేదు. తొట్టెలలో జీవులు చనిపోతూ ఉండగా, వాటి స్థానంలో కొత్తవాటిని తీరంనుండి తెస్తూ వచ్చారు. కొన్ని సంవత్సరాలలోనే డెవన్ తీరంలోని రాతి గుంటలు వెలవెలబోయాయి. తన రచనలే ఇందుకు కారణమయ్యాయన్న బాధ గోస్‌ను వెంటాడిందని కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రచురించిన తన ఆత్మకథాత్మక గ్రంథంలో తెలిపాడు. 1860వ దశకంలో ఈ వేలంవెర్రి చల్లబడింది.

లాయిడ్ మాత్రం పట్టు విడువక, 1864లో హాంబర్గులోను, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోను పెద్ద ఆక్వేరియంలను రూపొందించాడు. ప్రదర్శన తొట్టెలకంటే పెద్దదైన జలాశయాన్ని చీకటిలో ఉంచి, ఆ నీటిని నిరంతరం తొట్టెలగుండా ప్రవహింపజేయడం ఆయన పద్ధతి. నీరు ఎంత ఎక్కువగా ఉంటే దోషం అంత నెమ్మదిగా పెరుగుతుందన్నది దీనిలోని రహస్యం.

చివరి జీవితము

గోస్ 1856లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1857లో భార్య ఎమిలీ రొమ్ము క్యాన్సర్‌తో మరణించింది. అదే సంవత్సరం ఆయన ఓంఫలాస్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. భూమి అతి పురాతనమైనదిగా కనిపించేటట్లే దేవుడు దానిని సృష్టించాడని అందులో వాదించాడు. అటు శాస్త్రజ్ఞులు గాని, ఇటు మతవిశ్వాసులు గాని దీనిని ఆమోదించలేదు. ఈ రెండు దెబ్బల తరువాత ఆయన కుమారునితో డెవన్ తీరాన సెయింట్ మేరీచర్చ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ 1860లో పూర్తిచేసిన బ్రిటిష్ సీ అనిమోన్ల గ్రంథం ఆయన శాస్త్రీయ రచనలలో శ్రేష్ఠమైనది. ఆ ఏటనే ఎలైజా బ్రైట్‌వెన్‌ను వివాహమాడాడు. 1888 ఆగష్టు 23న తన స్వగృహంలో మరణించాడు.

మన ప్రాంతములో

మద్రాసు మెరీనా తీరాన 1909లో సముద్ర ఆక్వేరియం ప్రారంభమైంది. దీనిని తలపెట్టినవాడు మద్రాసు ప్రదర్శనశాల అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్. దక్షిణ భారత కులాలు, తెగలపై తాను వెలువరించిన సంపుటాలలో భద్రాచలం ప్రాంతపు కోయల గురించి వ్రాసినది కూడా ఈయనే. అప్పట్లో భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానిలోను, ఖమ్మం నిజాము రాజ్యంలోను ఉండేవి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మద్రాసు ఆక్వేరియం మూతపడింది.

గోదావరి, కిన్నెరసాని చేపలను చూచి పెరిగిన విద్యార్థులకు ఒక తేడా తెలియాలి. మంచినీటి చేప శరీరంలోకి నీరు తనంతట తాను చేరుతుంది. ఉప్పునీటి చేప శరీరంనుండి నీరు బయటకు పోతూ ఉంటుంది కనుక అది ఎల్లప్పుడూ నీరు త్రాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా విసర్జిస్తుంది. కావున ఉప్పుదనంలో కలిగే మార్పు దానికి హాని చేస్తుంది. వేసవిలో తొట్టినీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఉప్పు కలపని, క్లోరిన్ తొలగించిన మంచినీటిని మాత్రమే పోయాలి.

సముద్రానికి దూరంగా ఉన్న ఖమ్మం వంటి పట్టణంలో నేడు ఎవరైనా ఉప్పునీటి తొట్టి అమర్చుకోగలిగితే, అందుకు పునాది 1854 నాటి గోస్ మిశ్రమమే. ఆ మిశ్రమంతోపాటు ఆయన ఆచరించిన నిరీక్షణను కూడా గుర్తుంచుకున్నవారి తొట్టిలోనే చేపలు నిలుస్తాయి.