శునకాల చిత్రకారుడు సర్ ఎడ్విన్ లాండ్సీర్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. దేశనాయకుల గురించి మిగతా మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. అందుచేత నేను, ఇతరుల పెంపుడు కుక్కల బొమ్మలు వేసి సర్ బిరుదు పొందిన ఒక ఆంగ్ల చిత్రకారుని ఎన్నుకున్నాను. నవ్వకుండా చదవమని మనవి.

లాండ్సీర్ 1802లో లండన్‌లో జన్మించారు. తండ్రి లోహపు రేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చుతీసే పనివారు. కుర్రవాడు 13వ ఏట, అంటే 1815లోనే రాయల్ అకాడమీ ప్రదర్శనకు బొమ్మలు పంపాడు. చిత్రకారుడు హేడన్ సలహాపై చచ్చిన జంతువులను కోసి, ఎముకలు, కండరాలు ఎలా ఉంటాయో నేర్చుకున్నాడు. 24వ ఏట అకాడమీలో అసోసియేటు, 1831లో పూర్తి సభ్యత్వం. మన సర్వీసులో ఇంత త్వరగా ప్రమోషన్లు ఎవరికి వచ్చాయి!

1836లో విక్టోరియా పెంపుడు కుక్క డాష్ బొమ్మను ఆమె తల్లి ఈయన చేత వేయించారు. మరుసటి ఏడే విక్టోరియా రాణి అయ్యారు. 1841లో భర్త ఆల్బర్ట్‌కు క్రిస్మస్ కానుకగా ఆయన వేటకుక్క ఈయోస్ చిత్రం వేయించి ఇచ్చారు. అన్న థామస్ ఆయన చిత్రాలను ఎన్నింటినో రేకుల మీద చెక్కగా, ఆ అచ్చుబొమ్మలు సామాన్యుల గోడలకూ ఎక్కాయి. అచ్చు హక్కుల మీద అసలు చిత్రం కంటె ఎక్కువ డబ్బు వచ్చిన సందర్భాలున్నాయి.

నాకు అన్నిటికన్న నచ్చినది 1837 నాటి చిత్రం. ముసలి గొర్రెలకాపరి పోయాడు. ఖాళీ గుడిసెలో శవపేటిక, పక్కన కళ్ళజోడు. పేటిక మీద గడ్డం ఆనించి అతని కుక్క. మనిషన్నవాడు చిత్రంలో ఎక్కడా లేడు.

ఇంత పేరున్నా ఆయనకు మనశ్శాంతి లేదు. 1840లో, 38వ ఏట మనస్సు దెబ్బతిన్నది. అప్పుడు ఆదుకున్నవాడు జేకబ్ బెల్ అనే మందుల వ్యాపారి. ప్రచురణకర్తలతో బేరాలు, డబ్బు లెక్కలు ఆయనే చూసుకున్నారు. చిత్రకారుల జీవితాలలో ఇటువంటి లెక్కల మనిషి పేరు సాధారణంగా కనబడదు. గుమాస్తాగా నాకది లోటే. బెల్ 1859లో పోయారు.

అంతకు ఏడాది ముందే ప్రభుత్వం ట్రఫాల్గర్ చౌకులో నెల్సన్ స్తంభం చుట్టూ నాలుగు కంచు సింహాలు చేయమని పని అప్పగించింది. ఆయన శిల్పి కారు. జంతుప్రదర్శనశాలలో చచ్చిన సింహాన్ని తెప్పించుకుంటే, నమూనా పూర్తికాక ముందే కుళ్ళిపోయింది. పని సాగుతూనే ఉంది, పత్రికలు ఎగతాళి చేస్తూనే ఉన్నాయి. పెండింగు ఫైలు ఒక్కటి బల్లమీద ఉంటే రాత్రి నిద్ర ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పాలా? ఆయన ఫైలు తొమ్మిదేళ్ళు ఉంది. సింహాలు 1867లో నిలబడ్డాయి. మధ్యలో, 1866లో అకాడమీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నారు. అది సరైన నిర్ణయమే అంటాను.

చివరి సంవత్సరాలు దుర్భరం. తాగుడు, దిగులు. పెళ్ళి లేదు. 1872లో కుటుంబం వారే మతి స్థిమితం లేదని ప్రకటింపజేయవలసి వచ్చింది. తప్పా, ఒప్పా అని తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో అటువంటి రోగి ఉన్నవారికే ఆ బాధ తెలుసు. 1873 అక్టోబరు 1న, 71వ ఏట కన్నుమూశారు. సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో సమాధి చేశారు. చౌకులోని సింహాలకు కూడా పూలమాలలు పెట్టారు.

మన సభ్యులలో పిల్లలు లండన్‌లో ఉన్నవారు చాలామంది. వెళ్ళినప్పుడు ఆ సింహాల ముందు పంజాలు పరికించి చూడండి. అవి కుక్క పాదాల వలె ఉన్నాయని కొందరంటారు. గొర్రెలకాపరి కుక్క చిత్రం మాత్రం అక్కడ కాదు, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వారి సేకరణలో ఉంది.