ప్రొఫెసర్ అబ్దుస్ సలాం: ఒకే మూలాన్ని వెతికిన శాస్త్రజ్ఞుడు

ప్రకృతిలో ఎన్ని శక్తులు కనిపించినా వాటన్నిటి మూలం ఒక్కటేనని నమ్మి, ఆ మూలాన్ని లెక్కల్లో పట్టుకోవాలని జీవితమంతా శ్రమించిన మహనీయుడు మర్హూమ్ ప్రొఫెసర్ అబ్దుస్ సలాం. భౌతికశాస్త్రంలో 1979 నోబెల్ బహుమతిని పంచుకున్న ఈయన జీవితం మన ఇళ్లలో చదువుకుంటున్న ప్రతి అబ్బాయీ, ప్రతి అమ్మాయీ తెలుసుకోదగినది. అందుకే ఈ సావనీరులో ఆయన్ని స్మరించుకుంటున్నాము.

సలాంగారు 1926 జనవరి 29న అవిభక్త పంజాబులో జన్మించారు. పెరిగింది ఝంగ్ అనే చిన్న పట్నంలో. తండ్రి చౌధరీ ముహమ్మద్ హుసేన్ విద్యాశాఖలో చిన్న ఉద్యోగి. ఆస్తిపాస్తులు అంతంతమాత్రమే గాని ఇంట్లో తాలీముకు పెద్దపీట ఉండేది. 1940లో, పద్నాలుగేళ్ల వయసులో, సలాంగారు మెట్రిక్యులేషనులో అంతవరకు ఎవరికీ రానన్ని మార్కులు తెచ్చుకున్నారు. ఆ కుర్రవాడు సైకిలు మీద ఊళ్లోకి వస్తుంటే జనమంతా వీధుల్లో నిలబడి స్వాగతం చెప్పారట! లాహోరు కాలేజీలో ఉండగానే మన రామానుజన్ ఇచ్చిన ఒక లెక్కపై వ్యాసం ప్రచురించారు.

పై చదువు సంగతి వచ్చేసరికి డబ్బు సమస్య ఎదురైంది. రెండో ప్రపంచయుద్ధం కోసం పంజాబులో పోగుచేసిన నిధి యుద్ధం ముగిశాక మిగిలిపోయింది. నాటి పంజాబు ప్రధాని ఖిజర్ హయాత్ తివానా ఆ సొమ్ముతో చిన్న రైతుల బిడ్డలకు విదేశీ స్కాలర్‌షిప్పులు పెట్టించారు. సలాంగారు 1946లోనే ఓడెక్కి కేంబ్రిడ్జి చేరుకున్నారు. మరుసటి ఏడు వెళ్దామనుకున్న వారికి ఆ అవకాశం దక్కలేదు. దేశవిభజనతో ఆ స్కాలర్‌షిప్పులు ఆగిపోయాయి. ఒక్క ఏడాది తేడాలో ప్రపంచానికి ఒక శాస్త్రజ్ఞుడు దక్కాడు.

1951లో స్వదేశం తిరిగివచ్చి లాహోరులో ప్రొఫెసరుగా చేరారు. అక్కడ పరిశోధనకు వీలు లేదు, తోటి శాస్త్రజ్ఞులు లేరు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బాధ్యత మాత్రం అప్పగించారు! మూడేళ్లు ఓపిక పట్టి, 1954లో బరువెక్కిన మనసుతో మళ్లీ కేంబ్రిడ్జికి వెళ్లారు. 1957లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. ఆ ఒంటరితనం మరో పేదదేశపు శాస్త్రజ్ఞుడికి రాకూడదని 1964లో ఇటలీలోని ట్రియెస్టె పట్నంలో అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రం నెలకొల్పారు. వర్ధమాన దేశాల విద్వాంసులు కొన్నాళ్లు అక్కడ పనిచేసి, తిరిగి తమ దేశానికి వెళ్లి సేవ చేయవచ్చు. భారతదేశం నుంచి వెళ్లినవారూ ఎందరో ఉన్నారు.

ఇక ఆయన సాధించినదేమిటో చూద్దాం. ప్రకృతిలో నాలుగు బలాలున్నాయి. వస్తువుల్ని కిందికి లాగే గురుత్వాకర్షణ ఒకటి. దీపం వెలిగించే విద్యుదయస్కాంత బలం రెండోది. అణువు గర్భాన్ని కట్టిపడేసేది మూడోదైన ప్రబల బలం. సూర్యుడు మండడానికి తొలిమెట్టు వేసేది నాలుగోదైన దుర్బల బలం. ఇందులో విద్యుదయస్కాంత, దుర్బల బలాలు రెండూ ఒకే బలానికి రెండు రూపాలని చూపినందుకే గ్లాషో, వైన్‌బర్గ్‌లతో పాటు సలాంగారికి నోబెల్ వచ్చింది. వారి సిద్ధాంతం చెప్పిన కొత్త కణాలు 1983లో జెనీవా వద్ద ప్రయోగశాలలో దొరికాయి. నేడు స్టాండర్డ్ మోడల్ అంటున్న సిద్ధాంతానికి ఇదొక మూలస్తంభం.

అయితే సలాంగారు అక్కడితో ఆగలేదు. ఒరిస్సాలో పుట్టిన జోగేశ్ పతిగారితో కలిసి 1973, 74లలో ఇంకో అడుగు వేశారు. ప్రోటానులోని క్వార్కులకు మూడు 'రంగులు' ఉంటాయంటారు. ఇవి కంటికి కనిపించే రంగులు కావు, శాస్త్రజ్ఞులు పెట్టుకున్న గుర్తులు. ఎలక్ట్రాన్ల వంటి కణాలను నాలుగో రంగుగా ఎందుకు చూడకూడదని వీరు అడిగారు. అలా చూస్తే అవీ క్వార్కులూ ఒకే కుటుంబమవుతాయి. అప్పుడు ఒకటి రెండోదిగా మారవచ్చు, అంటే శాశ్వతమనుకున్న ప్రోటాను కూడా ఏదో ఒకనాడు నశించవచ్చు!

దీన్ని పరీక్షించడం ఎలా? ఒక్క ప్రోటాను ముందు కూర్చుంటే ప్రయోజనం లేదు. లెక్కలేనన్ని ప్రోటాన్లను ఒకచోట పెట్టి, ఒక్కటైనా పగులుతుందేమోనని చూడాలి. మన చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న కోలారు బంగారు గనిలో, సుమారు 2,300 మీటర్ల లోతున, 140 టన్నుల ఇనుము పేర్చి, 1980 నుంచి టాటా సంస్థ శాస్త్రజ్ఞులు జపానువారితో కలిసి కాపలా కాశారు. అనుమానించదగ్గ సంఘటనలు కొన్ని కనిపించినా వేరేచోట్ల రుజువు కాలేదు. జపానులో 50 వేల టన్నుల నీటితో జరుగుతున్న ప్రయోగంలోనూ ఇంతవరకు ఒక్క ప్రోటాను నశించిన దాఖలా లేదు. దాని ఆయుర్దాయం 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని ఏళ్లకన్నా ఎక్కువని తేలింది. ఐనా ఆ దారి మూసుకుపోలేదు. న్యూట్రినోలకు బరువుందని 1998లో అదే ప్రయోగశాల చూపింది. స్టాండర్డ్ మోడల్‌లో చోటులేని ఆ బరువుకు పతి, సలాంల సిద్ధాంతంలో తగిన చోటుంది.

సలాంగారు అహ్మదియా జమాత్‌కు చెందినవారు. పాకిస్తాను పార్లమెంటు 1974లో ఆ జమాత్‌వారిని ముస్లిమేతరులుగా ప్రకటించినప్పుడు ఆయన ప్రభుత్వ సలహాదారు పదవిని వదులుకున్నారు, పౌరసత్వాన్ని మాత్రం వదులుకోలేదు. 1996 నవంబరు 21న ఆక్స్‌ఫర్డులో కన్నుమూశారు. రబ్వాలో ఆయన సమాధి రాతిపైనున్న ముస్లిం అనే మాటను తర్వాత చెరిపేశారు. అలాంటివారి జీవితం మన సావనీరులో ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. అఖీదా విషయంలో తీర్పు చెప్పే అధికారం మాకు లేదు, ఆ లెక్క అల్లాహ్ దగ్గర ఉంటుంది. ఇల్మ్ ఎవరి దగ్గరున్నా నేర్చుకోవాలన్నది మా అభిప్రాయం. రాయి మీద మాట చెరిపినంతలో ఆయన చేసిన మేలు చెరిగిపోదు గదా!

ఆయన వినయం కూడా చెప్పుకోదగ్గది. లాహోరులో తనకు లెక్కలు చెప్పిన అనిలేంద్ర గంగూలీ మాస్టారు విభజన తర్వాత కలకత్తా చేరారు. 1981లో సలాంగారు వెతుక్కుంటూ వెళ్లి, మంచం పట్టిన ఆ గురువు చేతిలో నోబెల్ పతకం పెట్టి, అది ఆయనదేనని చెప్పుకున్నారు. బహుమతి సొమ్ములో ఒక్క పైసా ఇంటికి వాడుకోక పేద దేశాల శాస్త్రజ్ఞుల కోసం ఖర్చుచేశారు.

మిగిలిపోయిన నిధి నుంచి సకాలంలో అందిన స్కాలర్‌షిప్పు ఒక గుమాస్తా కొడుకును ఇంత దూరం తీసుకెళ్లింది. మన వీధుల్లోనూ ఫీజు కట్టలేక చదువు ఆపేస్తున్న బిడ్డలున్నారు. వారికి అందించే సాయం గడువు దాటకముందే అందాలి. సభ్యులందరూ విద్యానిధికి తలా ఒక చెయ్యి వేయాలని కోరుతున్నాము. ఆ బిడ్డల్లో ఇంకొక సలాం ఉండవచ్చు. అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.