తొట్టెలు బోర్లించమన్న దొర

చిక్కడపల్లి, నారాయణగూడ వైపు పాతకాలం వాళ్లు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట మన నోళ్లలో నాని నాని కోరంటి అయింది. కాగితాల మీద మాత్రం దాని పేరు సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ అండ్ కమ్యూనికబుల్ డిసీజెస్. ఈ రాస్ ఎవరని మా అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి వచ్చిన పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. దోమ, మలేరియా, సికింద్రాబాదు, 1897, నోబెల్ 1902. వాళ్లకది ఒక మార్కు బిట్టు. ఆ బిట్టు తర్వాత కూడా ఆయన ముప్ఫై అయిదేళ్లు బతికాడు. నాకు ఆ ముప్ఫై అయిదేళ్ల మీదే ఆసక్తి.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. పదిమంది పిల్లల్లో ఇతనే పెద్దవాడు. ఎనిమిదేళ్లకే ఇంగ్లండుకి చదువుకి పంపేశారు. పిల్లవాడికేమో బొమ్మలు వేయాలని, కవిత్వం రాయాలని. తండ్రికేమో కొడుకు డాక్టరు కావాలని. మన ఇళ్లలో వినని కథేం కాదు కదా! చివరికి తండ్రి మాటే నెగ్గింది. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసుకొచ్చాడు. కవిత్వం మాత్రం వదల్లేదు.

1883లో బెంగుళూరులో ఉండగా ఆయన బంగళాలో దోమలు విపరీతం. చూస్తే కిటికీ బయట ఉన్న నీళ్ల తొట్టె నిండా దోమపిల్లలు. తొట్టె వంచి పారబోయించాడు, దోమలు తగ్గాయి. సంబరంగా వెళ్లి, మెస్సు దగ్గరున్న తొట్టెలు కూడా బోర్లిస్తే బాగుంటుందని అక్కడి అధికారికి చెప్పాడు. దేవుడు దోమల్ని ఏదో ప్రయోజనం కోసమే పుట్టించి ఉంటాడు, మనం వేలు పెట్టకూడదని ఆ పెద్దమనిషి ఒప్పుకోలేదు. అప్పటికి దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని ఎవరికీ తెలీదు. రాస్‌కీ తెలీదు. కానీ జీవితమంతా ఆయన పడబోయే తగువు మాత్రం ఆ తొట్టెల దగ్గరే మొదలైందనిపిస్తుంది నాకు.

1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు రాస్‌కి రోగి నెత్తుట్లో ఉండే మలేరియా క్రిమిని మైక్రోస్కోపులో చూపించాడు. ఇది దోమ కడుపులోకి వెళ్తుందని తన అనుమానమనీ చెప్పాడు. దోమ నీళ్లలో పడి చస్తే ఆ నీళ్లు తాగిన వాళ్లకి జబ్బు వస్తుందని మాన్సన్ ఊహ. 1895లో సికింద్రాబాదు వచ్చిన రాస్, అది నిజమో కాదో చూద్దామని డబ్బులిచ్చి కొందరి చేత ఆ నీళ్లు తాగించాడు కూడా. ఇవాళైతే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆ ప్రయోగం తేలకుండానే కలరా అదుపు చెయ్యమని బెంగుళూరుకి పంపేశారు. అక్కడ కాలవలు, బావులు బాగుచేయించే పనిలో దాదాపు రెండేళ్లు గడిచాయి.

1897 జూన్‌లో తిరిగి ఇక్కడికొచ్చాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. ఎండలకి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. పంకా వేయిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి కనక పంకా లేదు. వందల దోమల్ని కోసినా ఏమీ కనబడలేదు. అవి మలేరియా మోసే రకం కాదు మరి. ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని లోపలికి వదిలాడు. కుట్టిన దోమకి ఒక అణా లెక్కన ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడ మీద గుండ్రని కణాలు, వాటిలో మలేరియా క్రిమి తాలూకు నల్లటి రంగు రేణువులు కనిపించాయి. ఆ సంతోషంలో భార్యకి ఒక కవిత రాసి పంపాడు.

వెంటనే ఏమైందంటారు? బదిలీ! మలేరియా అంతగా లేని రాజపుతానాకి. తర్వాత ఏడాది కలకత్తాలో పిట్టల మీద పరిశోధన చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో ఎక్కుతుందని రుజువు చేశాడు. మనుషుల విషయంలో అది ఇటలీవాళ్లు చూపించారు. ఆ ఘనత ఎవరిదని గ్రాసీ అనే ఇటలీ శాస్త్రవేత్తతో రాస్ జీవితాంతం పోట్లాడాడు. గురువులాంటి మాన్సన్‌తోనూ చెడింది. మనిషి మహా కోపిష్ఠి, అందులో అనుమానం లేదు.

దోమ దోషం తేలింది సరే, ఇప్పుడేం చెయ్యాలి? రాస్ లెక్కలో జవాబు బెంగుళూరు తొట్టె దగ్గరే ఉంది. ఆఫ్రికాలో ఫ్రీటౌన్ వెళ్లి కూలీలతో దళాలు కట్టించాడు. ఒక దళం ఇంటింటికీ తిరిగి పగిలిన కుండలు, డబ్బాలు బళ్లకెత్తి పోయించేది. ఇంకొకటి వీధుల్లో గుంటలు పూడ్చి, పూడ్చలేని వాటి మీద నూనె చల్లేది. ఈ దళాల్ని ఎలా ఏర్పాటు చెయ్యాలో 1902లో ఒక చిన్న పుస్తకం రాశాడు. పెద్ద బడ్జెట్ కోసం కూర్చోవద్దు, పట్టుమని నలుగురున్నా మొదలుపెట్టండి, వాళ్లకి ఎక్కడ చూడాలో నేర్పండి, ఆపకుండా చేయించండి అన్నది దాని సారాంశం. సూయెజ్ కాలవ ఒడ్డున ఇస్మాయిలియాలో ఈ పద్ధతి పెడితే, ఏడాదికి వెయ్యి దాటే కేసులు మూడేళ్లలో పదుల్లోకి దిగాయి.

మన గల్లీలో నోట్‌బుక్కు పట్టుకుని సంపు మూత తీయమనే అమ్మాయి ఆ దళాల వారసురాలే. మూసీ వైపు పోయే హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్ పక్కనే ఉంది కనక దోమలన్నీ అందులోంచే వస్తాయని మావాళ్ల నమ్మకం. మురుగులో పెరిగేవి క్యూలెక్సు. మలేరియా దోమకీ, పగలు కుట్టే డెంగీ దోమకీ కావలసింది మన ట్యాంకులో, కూలర్లో, ఫ్రిజ్ వెనక ట్రేలో నిలిచే కాస్త శుభ్రమైన నీళ్లు. గుడ్డు దోమయ్యేసరికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని వారానికోసారి నీళ్లన్నీ వంచమనేది అందుకే. ఈ సంగతి చెప్పబోతే, మా ఇల్లు అద్దంలా ఉంటుందమ్మా అని తలుపు వేసేసేవాళ్లు మా బిల్డింగులోనే ఉన్నారు. దేవుడు పుట్టించిన దోమ అన్న ఆ మెస్సు అధికారికీ వీళ్లకీ పెద్ద తేడా కనబడదు నాకు.

ఆసుపత్రిలోనూ అంతే. ఆమధ్య డెంగీ వచ్చిన మా బంధువులబ్బాయిని చూడ్డానికి ఓ ఆసుపత్రికి వెళ్తే, పట్టపగలు మంచానికి దోమతెర కట్టి ఉంది. కొత్తగా చేరిన ఆయాకి నర్సమ్మ తెర అంచులు పరుపు కిందకి ఎలా దోపాలో చేసి చూపించి, మళ్లీ ఆమె చేత చేయించింది. జ్వరం మీదున్న పిల్లాణ్ణి ఒక దోమ కుడితే, మరో పది రోజులకి అది పక్క మంచాల వాళ్లకి ప్రమాదం. నాకు హుసేన్ ఖాన్ గుర్తొచ్చాడు. ఆనాడు తెరలోపల దోమలు, ఈనాడు తెర బయట.

రాస్ పద్ధతి అన్నిచోట్లా గెలవలేదు. లాహోర్ దగ్గర మియాన్‌మీర్ సైనిక స్థావరంలో కొన్నేళ్లు ప్రయత్నించి, 1909 నాటికి లాభం లేదని తేల్చేశారు. చుట్టూ సాగునీటి కాలవలు. పెట్టిన ఖర్చూ, పనీ చాలలేదని రాస్ వాదన. చేయాల్సినట్టు చేయకుండా పద్ధతే తప్పంటారేమిటని ఏళ్ల తరబడి రాశాడు, తిట్టాడు. ఆ వాదనలో ఆయన వైపు న్యాయం ఉందనే నేననుకుంటాను.

1911లో సర్ బిరుదు వచ్చింది, డబ్బు మాత్రం నిలవలేదు. 1928లో తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టాడు. 1931లో భార్య పోయింది. అంతకుముందు 1926లో లండన్ శివార్లలో ఆయన పేరనే రాస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. డాక్టర్లు కాని వాళ్లకి, తేయాకు తోటల మేనేజర్లకి, ఇంజనీర్లకి మలేరియా అదుపు నేర్పిన సంస్థగా అది పేరు తెచ్చుకుంది. రాస్ 1932 సెప్టెంబర్ 16న అక్కడే కన్నుమూశాడు.